క్లిక్ వేరు, బేరం వేరు: వైజాగ్‌లో చిన్న షాపుకి గూగుల్ సెర్చ్ ప్రకటనలు పెట్టుకోవడం ఎలా

"ఏటండీ ఇది? రెండొందల పన్నెండు మంది నొక్కేరని చూపిస్తోంది, నా ఫోను నాలుగుసార్లే మోగింది" అన్నారు అక్కయ్యపాలెంలో ఏసీ సర్వీసు షాపు నడిపే ఒకాయన. అది ఏప్రిల్ నెల, ఉక్కపోత మొదలై ఊళ్లో ప్రతి ఏసీ మెకానిక్కీ ఊపిరాడని రోజులు. ఆ నెల ఆయన కార్డు నుంచి ఆరు వేల చిల్లర పోయింది.

చిన్న షాపులకి గూగుల్ ప్రకటనలు చూసిపెట్టడం నా పని. ఆయన ఖాతాలో సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచాను. జనం నిజంగా ఏం టైపు చేసి మన ప్రకటన నొక్కారో చెప్పే పట్టిక అది. మొదటి వరసలోనే "కార్ ఏసీ గ్యాస్ ఫిల్లింగ్ వైజాగ్". దాని కింద "ఏసీ మెకానిక్ కోర్సు ఫీజు". ఇంకాస్త కిందికి వెళితే ఫలానా కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు కోసం వెతికినవాళ్లు వరసగా పది మంది. ఆయనేమో ఇళ్లకి వెళ్లి స్ప్లిట్ ఏసీలు బాగుచేస్తారు. కారు బానెట్ ఎత్తిన మనిషి కాదు.

ఆ షాపునే ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చెబుతాను. మీది ట్యూషన్ సెంటరైనా, అరకు ట్రిప్పుల ట్యాక్సీ అయినా, పళ్ల డాక్టరు క్లినిక్కైనా పద్ధతి ఇదే, మాటలు మారతాయంతే.

ముందు వేలంపాట సంగతి

క్లిక్కుకి ఇంత అని డబ్బు కట్టే పద్ధతిని 1998లో గోటూ డాట్ కామ్ అనే అమెరికా కంపెనీ నడిపి చూపించింది. గూగుల్ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ అనే ప్రకటనల సర్వీసు మొదలుపెట్టినప్పుడు ప్రకటనదారులు 350 మంది. అప్పట్లో డబ్బు కట్టింది ప్రకటన ఎన్నిసార్లు కనపడితే అన్నిసార్లకి. నొక్కితేనే డబ్బు అనే లెక్క, వేలంతో సహా, 2002లో వచ్చింది. 2018లో పేరు గూగుల్ యాడ్స్ అయింది.

ఎవరైనా వెతికిన ప్రతిసారీ ప్రకటన స్థానాల కోసం గూగుల్ ఒక వేలం నడుపుతుంది, క్లిక్కుకి మీరు ఇస్తానన్న గరిష్ఠ ధరే మీ పాట. ఎక్కువ పాడినవాడికే పైస్థానం అనుకుంటే పొరపాటు. పాటతో పాటు ప్రకటన నాణ్యతని కూడా లెక్కేస్తారు. అసలు లెక్కలో ఇంకా చాలా కలుస్తాయి గానీ, అర్థం కావడానికి ఇలా చూడండి. ఒక షాపు క్లిక్కుకి 40 రూపాయలు పాడింది, నాణ్యత 4. ఇంకో షాపు 25 పాడింది, నాణ్యత 8. మొదటిది 40 ఇంటూ 4, అంటే 160. రెండోది 25 ఇంటూ 8, అంటే 200. తక్కువ పాడిన షాపే పైన కనపడుతుంది. పైగా అది 25 కూడా కట్టదు. కిందివాణ్ణి దాటడానికి ఎంత అవసరమో అంతే కడుతుంది: 160ని 8తో భాగిస్తే 20, దాని మీద కొన్ని పైసలు.

నాణ్యతని గూగుల్ ఖాతాలో 1 నుంచి 10 వరకు మార్కులుగా చూపిస్తుంది. అందులో మూడు సంగతులుంటాయి: జనం మీ ప్రకటన నొక్కే అవకాశం ఎంత, వాళ్లు వెతికినదానికి ప్రకటన సరిపోయిందా, నొక్కాక తెరుచుకునే పేజీ పనికొచ్చేలా ఉందా. జేబు చిన్నదైనవాడికి ఈ మార్కులే ఆసరా.

రూపాయి తీయకముందు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉందా? మ్యాప్‌లో షాపు పేరు, టైమింగ్స్, నాలుగు ఫోటోలు, కస్టమర్ల రివ్యూలు. ఇది ఉచితం. లేకపోతే ఈ రోజే పెట్టండి, ప్రకటనల సంగతి వచ్చే వారం చూద్దాం.

రెండోది వెబ్ పేజీ. పెద్ద వెబ్‌సైట్ అక్కర్లేదు, ఫోన్‌లో చప్పున తెరుచుకునే ఒక్క పేజీ చాలు. పైన ఏం చేస్తారో ఒక లైను, ఏయే ఏరియాలకి వస్తారో ఇంకో లైను, వేలితో నొక్కితే డయల్ అయ్యే నంబరు, వాట్సాప్ బటన్, జనరల్ సర్వీసుకి ఎంత తీసుకుంటారో రేటు. రేటు రాయడానికి షాపువాళ్లు జంకుతారు. రాయండి. రేటు చూసి వెనక్కి పోయేవాడు ఫోన్ చేసినా పోయేవాడే, మీ టైమన్నా మిగులుతుంది.

మూడోది, ఫోన్ ఎవరు ఎత్తుతారు? మెకానిక్ అపార్ట్‌మెంట్ గోడ మీద నిచ్చెనెక్కి ఉంటే ఫోన్ మోగి ఆగిపోతుంది. ఆ క్లిక్కు డబ్బులు పోయినట్టే.

ఖాతా తెరిచేటప్పుడు

కొత్తగా వచ్చినవాళ్లని గూగుల్ సులువైన దారిలో నడిపిస్తుంది. నాలుగు ప్రశ్నలడిగి, కార్డు నంబరు తీసుకుని ప్రకటన మొదలుపెట్టేస్తుంది. ఆ దారిలో వెళితే చాలా సెట్టింగులు మీ చేతికి రావు. ఎక్స్‌పర్ట్ మోడ్‌కి మారే లింకు చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి నొక్కండి. క్యాంపెయిన్ (ఒక బడ్జెట్ కింద నడిచే ప్రకటనల కట్ట) రకం అడిగితే సెర్చ్ ఎంచుకోండి.

అక్కడే సెర్చ్ పార్ట్‌నర్స్, డిస్‌ప్లే నెట్‌వర్క్ అని రెండు టిక్కులు ముందే పెట్టి ఉంటాయి. రెండూ తీసేయండి. సెర్చ్ పార్ట్‌నర్స్ అంటే గూగుల్ ప్రకటనలు చూపించే ఇతర సెర్చ్ సైట్లు. డిస్‌ప్లే అంటే ఇతర వెబ్‌సైట్లలో, యాప్‌లలో కనపడే ప్రకటనలు. పాప వీడియో గేమ్ ఆడుతూ పొరపాటున నొక్కితే దానికీ మీరే డబ్బు కడతారు.

బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రోజుకి 500 బడ్జెట్ అంటే నెలకి గరిష్ఠంగా 15,200, ఎందుకంటే గూగుల్ నెలని 30.4 రోజులుగా లెక్కేస్తుంది. దాని మీద పన్ను 2,736. మొత్తం 17,936. రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఖాతాలో ఆ నంబరు ఎక్కించి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే ఆ పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో (టర్నోవరు మీద ఇంత శాతమని పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ వీలు లేదు. ఇంకో మాట: రోజుకి 500 అని రాసినా, గిరాకీ ఉన్న రోజున గూగుల్ దానికి రెట్టింపు దాకా, అంటే 1,000 వరకు వాడుకోవచ్చు. నెల మొత్తం మీద మాత్రం ఆ 15,200 దాటదు. ఇది తెలియక మొదటి వారంలోనే కంగారుపడి ఆపేసేవాళ్లని చాలామందిని చూశాను.

ప్రకటనదారు ఎవరో రుజువు చేసుకోమని గూగుల్ అడుగుతుంది. పాన్, జీఎస్టీ కాగితాల్లో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఇవ్వండి. మీరు ఇస్తున్న ప్రకటనలు యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అనే గూగుల్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ పోటీవాళ్లవి మీరూ చూడొచ్చు. మొదలుపెట్టే ముందు ఒక అరగంట అక్కడ గడపండి, ఊళ్లో మిగతావాళ్లు ఏం రాస్తున్నారో తెలుస్తుంది.

ఊరి హద్దులు గీయడం

ఇక్కడ దెబ్బ తిన్నది నేనే. చాలా ఏళ్ల కిందట ఒక క్లయింటుకి విశాఖపట్నం అని ఏరియా పెట్టి, కింద ఉన్న లొకేషన్ ఆప్షన్స్ తెరవకుండా వదిలేశాను. అక్కడ ముందుగా ఎంచి ఉండేది "ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు లేదా ఈ ప్రాంతం మీద ఆసక్తి ఉన్నవాళ్లు" అనే మాట. ఆసక్తి అంటే, హైదరాబాద్‌లో కూర్చుని వైజాగ్ గురించి వెతికేవాడు కూడా వస్తాడు. టూరిస్టుల మీద బతికే హోటలుకి అది బంగారం. ఏసీ షాపుకి ఏం పనికొస్తుంది? మూడు వారాల తర్వాత గానీ నాకు వెలగలేదు. ఆ డబ్బు నా ఫీజులో తగ్గించుకున్నాను. మీరు "ప్రెజెన్స్" అనేది మాత్రమే ఎంచుకోండి, అంటే ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు, తరచూ ఉండేవాళ్లు.

తర్వాత పరిధి. షాపు చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గుండ్రంగా గీయొచ్చు. మన ఊళ్లో ఆ గుండ్రంలో చాలా భాగం సముద్రంలో పడుతుంది, దానికేం నష్టం లేదు, చేపలు క్లిక్ చేయవు. చూడాల్సింది రోడ్డు. అక్కయ్యపాలెం నుంచి గాజువాక మ్యాప్‌లో దగ్గరగానే కనపడుతుంది, సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దాటి వెళ్లి రావడానికి మెకానిక్‌కి ఎంతసేపు పడుతుందో ఆయన్నే అడగండి. మేం సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, మద్దిలపాలెం వైపు ఉంచి, గాజువాక, కూర్మన్నపాలెం తీసేశాం. భీమిలి రోడ్డు వైపు మాత్రం మధురవాడ దాటేవరకు ఉంచాం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఫ్లాట్లలో ఉప్పుగాలికి ఔట్‌డోర్ యూనిట్ కాయిల్స్ త్వరగా తుప్పుపడతాయి, అక్కడ పని ఎక్కువ.

మాటలు పోగుచేయడం

జనం ఏ మాటతో వెతుకుతారో మీకు ముందే తెలుసు, మీ ఫోన్ రోజూ చెబుతూనే ఉంటుంది. "ఏసీ కూలింగ్ అవ్వట్లేదండీ", "నీళ్లు కారుతోంది", "గ్యాస్ పట్టాలేమో చూస్తారా". ఇవే మీ కీవర్డ్‌లు, అంటే వీటితో ఎవరైనా వెతికితే నా ప్రకటన చూపించు అని గూగుల్‌కి ఇచ్చే మాటలు. "ఎయిర్ కండిషనింగ్ సొల్యూషన్స్" లాంటి మాటలు విజిటింగ్ కార్డు మీద బాగుంటాయి, ఎవరూ టైపు చేయరు.

ఊరి పేరు మనకి ఒక్కటి కాదు. వైజాగ్ అని కొట్టేవాళ్లున్నారు, విశాఖపట్నం అనేవాళ్లున్నారు. ఇంగ్లిష్ అక్షరాల్లో విశాఖపట్నాన్ని పదిమంది పది రకాలుగా రాస్తారు. చిన్న చిన్న స్పెల్లింగ్ తేడాలు గూగుల్ తనే కలుపుకుంటుంది. వైజాగ్, విశాఖపట్నం, "దగ్గరలో" అనే మూడు రకాలూ పెడితే చాలు. ఏరియా ముందే గీసుకున్నాం కాబట్టి ఊరి పేరు లేని "ఏసీ రిపేర్" కూడా ధైర్యంగా పెట్టొచ్చు. తెలుగు లిపిలో వెతికేవాళ్లూ ఉంటారు, మైకులో మాట్లాడి వెతికేవాళ్లు మరీను. గూగుల్ ప్రకటనలు తెలుగులో ఇవ్వొచ్చు, కాబట్టి వాటికి ఒక యాడ్ గ్రూప్ (కీవర్డ్‌లు, వాటికి తగ్గ ప్రకటనలు కలిపిన గుంపు) విడిగా పెట్టండి.

ఇప్పుడు మ్యాచ్ రకాలు, అంటే జనం వెతికిన మాట మీ కీవర్డ్‌కి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పడం. ఏ గుర్తూ లేకుండా రాస్తే బ్రాడ్ మ్యాచ్. గూగుల్ తనకి సంబంధం ఉందనిపించిన ప్రతి వెతుకులాటకీ మీ ప్రకటన చూపిస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్, ఆ అర్థం వెతుకులాటలో ఉండాలి. చదరపు బ్రాకెట్ల మధ్య రాస్తే ఎగ్జాక్ట్ మ్యాచ్, అదే ఉద్దేశం ఉండాలి. ఎగ్జాక్ట్ అంటే ఒకప్పుడు అక్షరాలా అదే మాట. 2018 నుంచి "అదే ఉద్దేశం" అయింది. బ్రాడ్ మ్యాచ్‌ని ప్లస్ గుర్తుతో కాస్త అదుపులో పెట్టుకునే పద్ధతి ఒకటి ఉండేది, 2021లో తీసేశారు. పాత యూట్యూబ్ వీడియోల్లో ఇంకా అదే చెబుతుంటారు, నమ్మకండి.

చిన్న బడ్జెట్‌కి ఫ్రేజ్, ఎగ్జాక్ట్‌లతో మొదలుపెట్టమంటాను. పదిహేను, ఇరవై కీవర్డ్‌లు చాలు. అక్కయ్యపాలెం షాపాయనకి అంతా బ్రాడ్ మ్యాచ్‌లో ఉంది. కారు ఏసీలు వచ్చింది అందుకే.

వద్దు అన్న మాటల పట్టిక

ఈ ఒక్క పనికి మిగతా అన్నిటికంటే ఎక్కువ టైమివ్వండి. నెగటివ్ కీవర్డ్ అంటే, ఈ మాట ఉంటే నా ప్రకటన చూపించొద్దు అని గూగుల్‌కి చెప్పడం. మేం ఆ రోజు షాపులోనే కూర్చుని రాసిన పట్టిక ఇలా మొదలైంది: కారు, బస్సు, కోర్సు, ఐటీఐ, ఉద్యోగాలు, జీతం, సెకండ్ హ్యాండ్, అద్దెకు, రిమోట్, ఎర్రర్ కోడ్, టోల్‌ఫ్రీ, కస్టమర్ కేర్.

కస్టమర్ కేర్ దగ్గర ఆయన ఒప్పుకోలేదు. "వాళ్లూ ఏసీ పాడైనవాళ్లే కదండీ, వస్తే ఏం పోయింది?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. వారంటీలో ఉన్న ఏసీకి కంపెనీ మనిషి కావాలనుకుని ఫోన్ చేసేవాడు, ఇది వేరే షాపని తెలియగానే పెట్టేస్తాడు. ఆయనకి వచ్చిన ఆ నాలుగు కాల్స్‌లో ఎన్ని అలాంటివని అడిగాను. ఆలోచించి, మూడు అన్నారు. పట్టికలో రాసేశాం. పోనీ కంపెనీ పేరు వాడుకుని ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ అని రాసుకుందామా అంటే, కానిది అయినట్టు రాస్తే గూగుల్ నియమాల ప్రకారం ఖాతానే మూసేయొచ్చు.

నెగటివ్‌లు మామూలు కీవర్డ్‌ల్లా తెలివిగా పనిచేయవు. స్పెల్లింగ్ తప్పుల్ని 2024 నుంచి పట్టుకుంటున్నాయి గానీ, అదే అర్థమున్న వేరే మాటని పట్టుకోవు. "ఉద్యోగం" రాస్తే "ఉద్యోగాలు" ఆగదు. "జాబ్" అసలే ఆగదు. అందుకని ఏకవచనం, బహువచనం, తెలుగు లిపి, ఇంగ్లిష్ అక్షరాలు అన్నీ విడివిడిగా రాయాలి. విసుగు పుట్టే పనే.

మరీ అత్యుత్సాహం కూడా వద్దు. ఒక క్లినిక్ ఖాతాలో "ఫ్రీ" అని నెగటివ్ పెట్టి ఉంది. పెయిన్ ఫ్రీ ట్రీట్‌మెంట్ అని వెతికినవాళ్లంతా పోయారు.

ప్రకటన రాయడం

ఇప్పుడు సెర్చ్‌లో రాసేది రెస్పాన్సివ్ ప్రకటన. పాత పద్ధతిలో కొత్త ప్రకటనలు రాయడం 2022 జూన్ ఆఖరుతో ఆగిపోయింది. మీరు 15 వరకు హెడ్‌లైన్లు, 4 వరకు డిస్క్రిప్షన్లు ఇస్తే, గూగుల్ వాటిని కలిపి కుట్టుకుంటుంది. హెడ్‌లైన్‌కి 30 అక్షరాలు, డిస్క్రిప్షన్‌కి 90.

తెలుగులో ఈ 30 ఇట్టే అయిపోతుంది. గుణింతం గుర్తు, ఒత్తుకి ముందుండే పొల్లు అన్నీ విడి అక్షరాలే కంప్యూటర్‌కి. "ఏసీ సర్వీస్" కంటికి ఐదక్షరాలు, లెక్కలో ఖాళీతో కలిపి 11. అందుకే "ఈ రోజే ఇంటికి వస్తాం", "నీళ్లు కారుతోందా?" లాంటి పొట్టి మాటలే పనికొస్తాయి.

హెడ్‌లైన్లు ఏ వరసలో కలిసినా అర్థం చెడకూడదు. మూడో లైను చదివితేనే మొదటిది అర్థమయ్యేలా రాయకండి. తప్పనిసరిగా కనపడాలనుకున్న ఒకటి రెండిటిని మొదటి స్థానానికి పిన్ చేయొచ్చు, అన్నీ పిన్ చేస్తే ఇక కలపడానికి ఏమీ ఉండదు. పక్కన యాడ్ స్ట్రెంగ్త్ అని, ప్రకటన ఎంత బలంగా ఉందో చూపే ఒక మీటరు ఊరిస్తుంటుంది. "ఎక్సలెంట్" రావాలని చెత్త హెడ్‌లైన్లు చేర్చకండి.

బేరాన్ని లెక్కించడం

దీన్ని చాలామంది ఎగ్గొడతారు. డబ్బు మునిగేది ఇక్కడే. పేజీలో గూగుల్ ట్యాగ్ (వచ్చినవాళ్లు ఏం నొక్కారో లెక్కపెట్టే చిన్న కోడ్) పెట్టించి, ఫోన్ నంబరు నొక్కడం, వాట్సాప్ బటన్ నొక్కడం అనే రెండిటినీ కన్వర్షన్లుగా, అంటే బేరానికి దారితీసే పనులుగా, నమోదు చేయించండి. పేజీ తెరవడాన్ని కన్వర్షన్‌గా పెట్టిన ఖాతాలు చూశాను. అలా పెడితే ప్రతి క్లిక్కూ బేరమే అయిపోతుంది, కాగితం మీద.

దానికి తోడు ఒక నోటు పుస్తకం. "ఎక్కడ చూసి ఫోన్ చేశారండీ?" అని అడిగి, ఏరియా, పని రకం, వచ్చిన డబ్బు రాసుకోవాలి. ఆ షాపులో ఈ పని ఆయన భార్యకి అప్పజెప్పారు. రెండో వారానికే ఆవిడ ఒక సంగతి పట్టుకున్నారు: ఆదివారం పొద్దున్న వచ్చే కాల్స్ ఎక్కువ, మనం ఆదివారం ప్రకటన ఆపేసి ఉంచాం. వెంటనే తెరిచాం.

ఇంకోటి. మీ ప్రకటన వస్తోందా అని మీరే గూగుల్‌లో వెతికి చూసుకోకండి. నొక్కితే డబ్బు, నొక్కకపోతే మార్కులకి దెబ్బ. ఖాతాలోనే యాడ్ ప్రివ్యూ అనే పరికరం ఉంది, అందులో చూసుకోండి.

పాట ఎవరు పాడాలి

ఒకప్పుడు కీవర్డ్‌కో రేటు మనమే రాసేవాళ్లం. ఇప్పుడూ రాయొచ్చు గానీ, గూగుల్ చాలావరకు యంత్రానికే అప్పజెప్పమంటుంది. సగం మనం, సగం యంత్రం అన్నట్టుండే ఎన్‌హాన్స్‌డ్ సీపీసీ (సీపీసీ అంటే క్లిక్కుకి ధర) పద్ధతిని సెర్చ్ క్యాంపెయిన్లకి 2025 మార్చిలో తీసేశారు.

నా పద్ధతి ఇది. మొదటి నెల మ్యాగ్జిమైజ్ క్లిక్స్ (బడ్జెట్‌లో వీలైనన్ని క్లిక్కులు తెచ్చే పద్ధతి) పెట్టి, క్లిక్కుకి గరిష్ఠ ధర ఇంతని హద్దు కూడా పెట్టేస్తాను. నెలకి ఓ ముప్పై దాకా నిజమైన కన్వర్షన్లు రావడం మొదలయ్యాక మ్యాగ్జిమైజ్ కన్వర్షన్స్‌కి మారుస్తాను. అంతకు ముందే మారిస్తే యంత్రానికి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. మార్చాక రెండు వారాలు ఊరికే చూస్తూ కూర్చోవాలి, షాపువాళ్లకి టెన్షన్ తప్పదు.

కొత్తగా వచ్చినవి

ప్రశ్నకి జవాబు పైనే రాసిచ్చే ఏఐ ఓవర్‌వ్యూస్ మన దేశానికి 2024 ఆగస్టులో వచ్చాయి, 2025లో ఏఐతో మాట్లాడినట్టు వెతుక్కునే ఏఐ మోడ్ కూడా తెరిచారు. "ఏసీ ఎందుకు నీళ్లు కారుతుంది" అని వెతికేవాడు ఇక మీ బ్లాగుకి రాకపోవచ్చు. "ఏసీ రిపేర్ ఎంవీపీ కాలనీ" అని వెతికేవాడికి మాత్రం మనిషే కావాలి. మీ కీవర్డ్‌లు ఈ రెండో రకంవే ఉండాలి.

2025 మేలో ప్రకటించిన ఏఐ మ్యాక్స్ అనే సెట్టింగు వేస్తే, మీ కీవర్డ్‌లు దాటి వెతుకులాటలు పట్టుకొస్తుంది, మీ పేజీ చూసి ప్రకటన మాటలు తనే రాస్తుంది, సైట్‌లో వేరే పేజీకి కూడా పంపుతుంది. మంచి కన్వర్షన్ లెక్క, ముదిరిన నెగటివ్ పట్టిక ఉన్న ఖాతాలో పరీక్షగా వేసి చూడొచ్చు. కొత్త ఖాతాలో వద్దు. సెర్చ్, యూట్యూబ్ లాంటి గూగుల్ చోట్లన్నిటిలో యంత్రమే ప్రకటనలు నడిపే పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ 2021లో వచ్చింది, దానికీ నాది అదే మాట. రికమెండేషన్ల పేజీలో "ఆటో అప్లై" అని ఉంటుంది, గూగుల్ సలహాల్ని మిమ్మల్ని అడక్కుండానే అమలుచేసే సెట్టింగు. అది ఆపి ఉందో లేదో చూసుకోండి.

గూగుల్ మన ఊళ్లో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది కదా. అది రాగానే వెళ్లి ప్రకటనల రేటు తగ్గించమని అడగొచ్చా అని ఒక స్వీటు షాపాయన అడిగారు. సరదాకి కాదు, నిజంగానే.

వారం వారం

సోమవారం పొద్దున్న షాపు తెరిచే ముందు అరగంట. సెర్చ్ టర్మ్స్ తెరిచి, పనికిరానివి నెగటివ్‌లోకి, పనికొచ్చేవి కీవర్డ్‌ల్లోకి. నోటు పుస్తకంతో కన్వర్షన్లు సరిచూసుకోవడం. ఆ వారం సెలవులుంటే టైమింగ్స్ మార్చడం. తుపాను హెచ్చరిక వస్తే క్యాంపెయిన్ ఆపేయడం, కరెంటు వచ్చి మనుషులు తిరిగేదాకా.

అక్కయ్యపాలెం షాపులో మే నెలలో క్లిక్కులు 140కి పడిపోయాయి. ఖర్చు దాదాపు అంతే, ఎందుకంటే మంచి మాటలకి పోటీ ఎక్కువ, ధర ఎక్కువ. క్లిక్కులు తగ్గాయని ఆయన మొహం మాడ్చుకున్నారు. ఆవిడ నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. గూగుల్ అని రాసి ఉన్న వరసలు వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లారాయన. ముప్పై ఒకటి. "మధురవాడ నుంచి మొన్నొచ్చింది దీంట్లో లేదే" అన్నారు. పేజీ తిప్పి చూశాం. ఉంది.